ఎవరి మీద మంచి డిఫెన్స్? అమెరికా కాలేజ్ ఫుట్‌బాల్‌లో ఎదురుజట్టును బట్టి మారే లెక్క

2021 సీజన్‌లో జార్జియా యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు మొదటి 12 మ్యాచ్‌లలో ఎదురుజట్లకు ఇచ్చింది మొత్తం 83 పాయింట్లు. మ్యాచ్‌కి సగటున ఏడు కూడా లేవు. వాండర్‌బిల్ట్, ఆర్కన్సా, జార్జియా టెక్ జట్లకైతే ఒక్క పాయింటు కూడా దక్కలేదు. కాలేజ్ ఆటలో ఇంత గట్టి డిఫెన్స్ చాలా ఏళ్లుగా రాలేదని అందరూ అనుకుంటుండగా, డిసెంబర్ 4న అట్లాంటాలో అలబామా జట్టు వచ్చి 41 పాయింట్లు కొట్టి వెళ్లింది. ఐదు వారాలు గడిచాక, 2022 జనవరి 10న ఇండియానాపోలిస్‌లో జాతీయ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో మళ్లీ అవే రెండు జట్లు తలపడ్డాయి. ఈసారి అలబామాకు వచ్చినవి 18. జార్జియా 33-18తో గెలిచి, 1980 తర్వాత మొదటిసారి జాతీయ టైటిల్ అందుకుంది.

డిఫెన్స్ అదే, కోచ్‌లు వాళ్లే, అవతల క్వార్టర్‌బ్యాక్ (అఫెన్స్‌ను నడిపి పాస్‌లు విసిరే ఆటగాడు) కూడా ఆ ఏడాది దేశంలో ఉత్తమ ఆటగాడికి ఇచ్చే హైస్‌మన్ ట్రోఫీ గెలిచిన బ్రైస్ యంగే. మొదటిసారి 41, రెండోసారి 18 ఎలా వచ్చాయి? ఆటగాళ్లు బాగా ఆడారు, ఆడలేదు అనేస్తే జవాబు చెప్పినట్టు కాదు. డిఫెన్స్ బలాన్ని విడిగా తూచడం కుదరదు. ఎదురుగా ఉన్న అఫెన్స్, అంటే బంతితో దాడి చేసే పక్షం, దానిచేత ఎక్కడెక్కడ మనుషుల్ని ఖర్చు పెట్టిస్తుందో చూస్తేనే ఆ బలం ఎంతో తెలుస్తుంది. సీజన్ సగటులు, జాతీయ ర్యాంకులు ఈ సంగతిని దాచేస్తాయి.

అట్లాంటా, డల్లాస్, కొలంబస్ పరిసరాల్లో స్థిరపడిన తెలుగు ఇళ్లలో పిల్లల చదువుల ద్వారా ఈ ఆట పరిచయమై ఉండొచ్చు. అలా పరిచయం లేనివాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్పాలంటే, బంతి ఉన్న జట్టుకు 10 గజాలు ముందుకు వెళ్లడానికి నాలుగు అవకాశాలుంటాయి, ఒక్కో అవకాశాన్ని ఒక ఆట అందాం. వెళ్లగలిగితే మళ్లీ నాలుగు, లేకపోతే బంతి అవతలివాళ్లది. రెండు వైపులా పదకొండు మంది. అఫెన్స్‌లో అయిదుగురు భారీ మనుషులు లైన్‌లో నిలబడి అడ్డు పెడతారు, మామూలుగా వాళ్లు బంతి అందుకోకూడదు. డిఫెన్స్ మూడు వరసలుగా ఉంటుంది. ముందు లైన్, దాని వెనక లైన్‌బ్యాకర్లు, ఆ వెనక పాస్‌లను కాచే కార్నర్లు, సేఫ్టీలు. లైన్ దగ్గర గుంపుగా ఉండే చోటును బాక్స్ అంటారు. డిఫెన్స్ కోచ్ మొదట తేల్చుకోవాల్సింది బాక్స్‌లో ఎంతమందిని పెట్టాలన్నదే.

బాక్స్‌లో ఎక్కువమందిని పెడితే పరుగు ఆగుతుంది, కానీ వెనక మైదానం ఖాళీ అవుతుంది. తక్కువమందిని పెడితే వెనక భద్రంగా ఉంటుంది, కానీ మధ్యలోంచి నాలుగేసి, అయిదేసి గజాలు పోతూ ఉంటాయి. ఇందులో క్వార్టర్‌బ్యాక్ పాత్ర ఒకటుంది. అతను బంతిని రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరిగెత్తే ఆటగాడు) చేతికిచ్చి ఊరుకునే రకమైతే, ఇచ్చిన క్షణం నుంచి ఆ ఆటలో అతని పని అయిపోయినట్టే. అఫెన్స్‌లో పరుగుకు, అడ్డుకు పనికొచ్చేది పది మంది, డిఫెన్స్‌కి పదకొండు. ఒక మనిషి మిగులు. క్వార్టర్‌బ్యాకే పరిగెత్తగలిగితే ఆ మిగులు మాయమవుతుంది. పరిగెత్తే క్వార్టర్‌బ్యాక్‌లు కాలేజ్ ఆటలో ఇంత విలువైనవాళ్లు కావడానికి వాళ్ల వేగం ఒక్కటే కారణం కాదు, ఈ లెక్క కూడా కారణమే.

పైగా కాలేజ్ నియమాలు అఫెన్స్ వైపు కొంచెం మొగ్గుతాయి. మైదానంలో బంతి పెట్టే రెండు గీతల వరసల మధ్య దూరం ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్ఎఫ్ఎల్‌లో 18 అడుగుల 6 అంగుళాలే, కాలేజ్‌లో 40 అడుగులు. బంతి ఒక పక్క గీత మీద ఉంటే రెండో పక్క విశాలమైన మైదానం మిగిలిపోతుంది, అటువైపు నిలబడ్డ కార్నర్ ఒంటరివాడవుతాడు. పాస్ వేసే ముందు అఫెన్స్ లైన్‌వాళ్లు ఎన్ఎఫ్ఎల్‌లో ఒక గజమే ముందుకు వెళ్లొచ్చు, కాలేజ్‌లో మూడు గజాలు వెళ్లొచ్చు. దాంతో లైన్‌వాళ్లు పరుగుకు అడ్డుపెడుతున్నట్టు ముందుకు వస్తారు, లైన్‌బ్యాకర్ అది చూసి ముందుకు దూకుతాడు, క్వార్టర్‌బ్యాక్ అతని తల మీదుగా పాస్ విసురుతాడు. ఇలాంటి ఆటల్ని ఆర్‌పీఓ (రన్-పాస్ ఆప్షన్) అంటారు. ఇవన్నీ పక్కన పెట్టినా అఫెన్స్ పద్ధతుల్లో వైవిధ్యమే పెద్ద సమస్య. ఒక వారం నిమిషానికి మూడు ఆటలు ఆడేసే జట్టు, మరో వారం బంతిని నేల మీదే నడిపించే జట్టు ఎదురవుతాయి. సీజన్ నడిచే రోజుల్లో విద్యార్థి ఆటగాళ్లతో వారానికి 20 గంటలకు మించి సాధన చేయించకూడదని కాలేజ్ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ నిబంధన. ఆ 20 గంటల్లోనే కొత్త ప్రత్యర్థికి సిద్ధం కావాలి.

జార్జియా బలం సరిగ్గా ఎక్కడుండేదో చూద్దాం. ముఖ్య కోచ్ కర్బీ స్మార్ట్, డిఫెన్స్ కోచ్ డాన్ లానింగ్. లైన్ మధ్యలో ఆరడుగుల ఆరంగుళాల ఎత్తు, దాదాపు 340 పౌండ్ల బరువున్న జోర్డన్ డేవిస్. అతన్ని కదిలించాలంటే ఇద్దరు అడ్డు పెట్టాల్సిందే. అతని పక్కన డెవాంటే వయట్, జేలెన్ కార్టర్, ట్రావాన్ వాకర్. వెనక లైన్‌బ్యాకర్లు నకోబీ డీన్, క్వే వాకర్. ప్రొఫెషనల్ జట్లు కాలేజ్ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే 2022 ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్‌లో ట్రావాన్ వాకర్ మొదటి పిక్‌గా వెళ్లాడు. ఈ డిఫెన్స్‌లోంచి మొత్తం అయిదుగురు మొదటి రౌండ్‌లోనే ఎంపికయ్యారు, అది రికార్డు.

పేర్లు గొప్పవే, కానీ అసలు లాభం లెక్కలో ఉంది. మధ్యలో ఒక్కడే ఇద్దర్ని మింగేస్తుంటే పరుగు ఆపడానికి బాక్స్‌లో ఆరుగురు చాలు. మిగతా జట్లు ఆ పనికి ఏడుగురిని, ఎనిమిది మందిని పెట్టాలి. జార్జియా ఆ మిగిలిన మనుషుల్ని వెనక సేఫ్టీలుగా ఉంచుకోగలిగింది. పరుగు ఆగిపోయి, వెనక లోతుగా ఇద్దరు సేఫ్టీలు కూడా ఉంటే అఫెన్స్‌కి మిగిలేది ఏముంటుంది? ఆ ఏడాది మొదటి మ్యాచ్‌లో క్లెమ్సన్‌కి ఎదురైంది ఇదే. షార్లెట్‌లో జార్జియా 10-3తో గెలిచిన ఆ మ్యాచ్‌లో క్లెమ్సన్ మొత్తం పరుగు 2 గజాలు, సాక్‌లు ఏడు. బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టడాన్ని సాక్ అంటారు. కాలేజ్ గణాంకాల్లో సాక్ వల్ల పోయిన గజాలను కూడా పరుగు ఖాతాలోంచే తీసేస్తారు కాబట్టి ఆ 2 గజాలు ఉన్నదానికంటే ఘోరంగా కనిపిస్తాయి. అది మినహాయించినా క్లెమ్సన్‌కి పరుగు దారి లేదన్నది నిజం.

మిషిగన్‌తో ఆడిన సెమీఫైనల్ ఇంకా మంచి ఉదాహరణ. ఒహాయో స్టేట్ మీద మిషిగన్ 297 గజాలు పరిగెత్తి 42-27తో గెలిచి వచ్చింది. ఆ ఏడాది దేశంలో ఉత్తమ అఫెన్స్ లైన్‌కి ఇచ్చే జో మూర్ అవార్డు కూడా వాళ్లదే. అడ్డుపెట్టడంలో ఆరితేరిన జట్టు, లైన్‌నే బలంగా పెట్టుకున్న డిఫెన్స్‌కి ఎదురైంది. ఆరెంజ్ బౌల్ అనే ఆ సెమీఫైనల్లో మిషిగన్ పరుగు 100 గజాలు కూడా దాటలేదు, 34-11తో ఓడింది. మిషిగన్‌ది చెడ్డ అఫెన్స్ కాదు. దాని బలం సూటిగా వెళ్లి జార్జియా బలం మీద పడింది, పక్కకు తప్పుకుని ఇంకో దారిలో గెలిచే సాధనం దాని దగ్గర లేదు.

అలబామా దగ్గర ఆ సాధనం ఉంది, పేరు జేమ్సన్ విలియమ్స్. ఆ ఏడాదే ఒహాయో స్టేట్ నుంచి వచ్చిన రిసీవర్, అంటే పాస్‌లు అందుకునే ఆటగాడు. అతని వేగం ఎంత పని చేసేదో తెలియాలంటే, అట్లాంటా మ్యాచ్‌కి సరిగ్గా వారం ముందు ఆబర్న్‌తో అలబామా ఆడిన మ్యాచ్ చూడాలి. ఆ మ్యాచ్ మొదటి సగంలోనే ఒక ప్రమాదకరమైన టాకిల్ కారణంగా రిఫరీలు విలియమ్స్‌ని బయటికి పంపేశారు. తర్వాత ఆఖరి నిమిషం దాకా అలబామాకు మూడే పాయింట్లు. బ్రైస్ యంగ్ ఏడుసార్లు సాక్ అయ్యాడు. 24 సెకన్లు మిగిలి ఉండగా స్కోరు సమం చేసి, నాలుగో ఓవర్‌టైమ్‌లో 24-22తో ఎలాగో గట్టెక్కారు. ఆ లైన్ చూసినవాళ్లెవరికైనా జార్జియా ముందు ఇది నిలబడదనే అనిపిస్తుంది.

కానీ అట్లాంటాలో విలియమ్స్ ఉన్నాడు. జార్జియా 10-0 ఆధిక్యంలో ఉండగా అతను 67 గజాల టచ్‌డౌన్ (బంతితో ఎదుటి గోల్ గీత దాటడం) పట్టాడు. రెండో క్వార్టర్ ఒక్కదానిలోనే అలబామాకు 24 పాయింట్లు వచ్చాయి. విరామం తర్వాత విలియమ్స్ 55 గజాల టచ్‌డౌన్ ఒకటి పట్టాడు. మొత్తం 7 క్యాచ్‌లు, 184 గజాలు. యంగ్ 421 గజాలు విసిరాడు. ఆ మ్యాచ్‌లో జార్జియాకు ఒక్క సాక్ కూడా దక్కలేదు. ఆబర్న్ ముందు ఏడుసార్లు కూలిన లైన్, జార్జియా ముందు ఒక్కసారీ కూలలేదు.

దీన్ని లైన్ ప్రదర్శనగా మాత్రమే చదివితే సగమే తెలుస్తుంది. లోతుగా పరిగెత్తే రిసీవర్ ఉంటే సేఫ్టీలు వెనక్కి జరుగుతారు, మధ్యలో ఖాళీ ఏర్పడుతుంది, క్వార్టర్‌బ్యాక్‌కి విసరడానికి త్వరగా చోటు దొరుకుతుంది. బంతి త్వరగా చేయి దాటిపోతే లైన్‌లో ఎంత బలమైనవాళ్లున్నా చేరుకోలేరు. పైగా అలబామా వేగంగా ఆటలు నడిపింది. అఫెన్స్ మనుషుల్ని మార్చకుండా వెంటనే లైన్‌కి వచ్చేస్తే డిఫెన్స్‌కి కూడా మార్చుకునే తీరిక ఉండదు. 340 పౌండ్ల డేవిస్ పరుగు ఆపడానికి ఎంత విలువైనవాడో, వరసగా ఆరేడు పాస్ ఆటల్లో క్వార్టర్‌బ్యాక్ వెంటపడటానికి అంత విలువైనవాడు కాడు. మైదానంలో ఉంటే అలసిపోతాడు, లేకపోతే జార్జియా లెక్కకు పునాదే ఉండదు. అతని బరువును జార్జియాకు భారంగా మార్చడమే అలబామా చేసిన తెలివైన పని.

ఒక సవరణ కూడా చెప్పుకోవాలి. ఆ 41లో ఏడు పాయింట్లు జార్జియా డిఫెన్స్ ఇచ్చినవి కావు. అలబామా డిఫెండర్ జోర్డన్ బాటిల్ జార్జియా పాస్‌ని పట్టుకుని 42 గజాలు పరిగెత్తి చేసిన టచ్‌డౌన్ అందులో ఉంది. స్కోర్‌బోర్డు అంకెతో డిఫెన్స్‌ని కొలిచేవాళ్లు ఇలాంటివి తరచూ మర్చిపోతారు.

జార్జియాతో రెండోసారి తలపడేలోపు అలబామా సెమీఫైనల్లో సిన్సినాటిని ఎదుర్కొంది. సిన్సినాటి బలం జార్జియా బలానికి పూర్తిగా వ్యతిరేకం. అహ్మద్ గార్డ్‌నర్, కోబీ బ్రయంట్ అనే ఇద్దరు కార్నర్లు రిసీవర్లను ఒంటిచేత్తో కట్టిపడేసే రకం. బ్రయంట్‌కి ఆ ఏడాది ఉత్తమ డిఫెన్సివ్ బ్యాక్‌గా జిమ్ థార్ప్ అవార్డు వచ్చింది. అలబామా వాళ్ల జోలికి పెద్దగా పోకుండా బంతిని బ్రయన్ రాబిన్సన్ చేతిలో పెట్టింది. అతను 204 గజాలు పరిగెత్తాడు, జట్టు మొత్తం 301. స్కోరు 27-6. నాలుగు వారాల క్రితం పాస్‌లతో జార్జియాను ముంచిన అఫెన్సే ఇది. ఎదుటి డిఫెన్స్ ఎక్కడ పలచగా ఉంటే అక్కడికి వెళ్లగలగడమే అలబామా గొప్పతనం.

ఇండియానాపోలిస్ ఫైనల్‌కి వచ్చేసరికి ఆ దారులు మూసుకుపోయాయి. రెండో రిసీవర్ జాన్ మెచీ అట్లాంటా మ్యాచ్‌లోనే మోకాలి గాయంతో సీజన్‌కి దూరమయ్యాడు. ఫైనల్ రెండో క్వార్టర్‌లో 40 గజాల క్యాచ్ పట్టాక విలియమ్స్ మోకాలు కూడా తిరిగిపోయింది. అక్కడినుంచి జార్జియా సేఫ్టీలకు వెనక భయం తగ్గింది. ముందుకు జరిగి, రకరకాల చోట్ల నుంచి ఒత్తిడి తెచ్చారు. యంగ్ 57 పాస్‌లు విసరాల్సి వచ్చింది. 369 గజాలు వచ్చాయి, టచ్‌డౌన్ పాస్ మాత్రం ఒక్కటే. నాలుగు సాక్‌లు, రెండు ఇంటర్‌సెప్షన్లు (అవతలి జట్టు పట్టేసిన పాస్‌లు). అలబామా పరుగు మొత్తం 30 గజాలు. 18 పాయింట్లలో 12 ఫీల్డ్ గోల్స్ (బంతిని కాలితో తన్ని చేసే గోల్స్) ద్వారా వచ్చినవే, ఇంకో కిక్‌ని జేలెన్ కార్టర్ చేత్తో ఆపేశాడు. గోల్ దగ్గరికి వచ్చేకొద్దీ మైదానం లోతు తగ్గుతుంది. అక్కడ మిగిలిన రిసీవర్లకు ఖాళీ దొరకలేదు, పరుగుకు దారి లేదు. చివరి నిమిషంలో జార్జియా కార్నర్ కెలీ రింగో అలబామా పాస్ ఒకటి పట్టి 79 గజాలు పరిగెత్తడంతో మ్యాచ్ ముగిసింది.

విలియమ్స్‌కి గాయం కాకపోతే ఏమయ్యేదన్న వాదన అలబామా అభిమానులు ఇప్పటికీ వదలరు. ఆ వాదనలో న్యాయముంది. అంతమాత్రాన జార్జియా గెలుపు తగ్గిపోదు. ఒక్క మనిషి ఉండటం, లేకపోవడం పదకొండు మంది డిఫెన్స్ నిలబడే చోట్లనే మార్చేసిందన్నది మాత్రం ఇద్దరూ ఒప్పుకోవాలి.

దీనికి భిన్నమైన గుణపాఠం 2018 మిషిగన్‌ది. ఆ నవంబర్‌లో ఒహాయో స్టేట్ మీదికి వెళ్లేటప్పుడు, ఇచ్చిన గజాల లెక్కలో మిషిగన్ డిఫెన్స్ దేశంలోనే మొదటిది. డిఫెన్స్ కోచ్ డాన్ బ్రౌన్ నమ్మకమంతా మ్యాన్ కవరేజ్ మీదే, అంటే ప్రతి రిసీవర్‌కి ఒక మనిషిని అంటిపెట్టి, మిగతావాళ్లను క్వార్టర్‌బ్యాక్ మీదికి తోలడం. సాధారణ రిసీవర్ల మీద అది భయంకరంగా పనిచేసింది. ఒహాయో స్టేట్ మాత్రం మైదానానికి అడ్డంగా ఇద్దరు రిసీవర్లను ఎదురెదురుగా పరిగెత్తించింది. ఇద్దరూ రాసుకుంటూ దాటే చోట వెంటపడుతున్న డిఫెండర్లు ఒకరికొకరు అడ్డమయ్యారు. ప్యారిస్ క్యాంప్‌బెల్ లాంటి వేగగాడి వెనక ఒక్క అడుగు వెనకబడ్డా ఇక దొరకడు. ఒహాయో స్టేట్ క్వార్టర్‌బ్యాక్ డ్వేన్ హాస్కిన్స్ 396 గజాలు, ఆరు టచ్‌డౌన్లు విసిరాడు. 62-39. మరుసటి ఏడాది అవే జట్లు, దాదాపు అదే కథ, 56-27. ఒకే అస్త్రంతో పది మ్యాచ్‌లు గెలిచిన డిఫెన్స్‌కి, ఆ అస్త్రం పనిచేయని జట్టు కోసం ఇంకోటి దాచుకోవాల్సిన అవసరం అప్పటిదాకా కనబడి ఉండదు. ర్యాంకుల్లో ఈ ప్రమాదం కనిపించదు. వరసగా ఎడమచేతి బ్యాటర్లు దిగే జట్టు ఎదురైనప్పుడే ఎడమచేతి స్పిన్నర్ మీద ఆధారపడ్డ బౌలింగ్ బలహీనత తెలిసినట్టు, ఇదీ ఆ ఒక్క మ్యాచ్‌లోనే బయటపడింది.

ట్రిపుల్ ఆప్షన్ సంగతి వేరు. ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్ లాంటి సైనిక అకాడమీల జట్లకు భారీ లైన్‌వాళ్లు దొరకరు. అందుకే కొందరు డిఫెండర్లకు అడ్డే పెట్టకుండా వదిలేసి, వాళ్లు ఎటు కదిలితే బంతిని దానికి వ్యతిరేక దిశకు పంపుతారు. మధ్యలో దూకే బ్యాక్‌కి ఇవ్వొచ్చు, క్వార్టర్‌బ్యాకే పట్టుకుని పరిగెత్తొచ్చు, పక్కన వచ్చేవాడికి విసరొచ్చు. డిఫెన్స్‌లో ప్రతివాడూ తన మనిషిని తప్ప వేరెవరినీ చూడకూడదు. బంతి వైపు దూకే చురుకైన ఆటగాడే ఇక్కడ ముందు మోసపోతాడు. 2018 సెప్టెంబర్‌లో కైలర్ మర్రీ క్వార్టర్‌బ్యాక్‌గా ఆడుతున్న ఓక్లహోమా, సొంత మైదానంలో ఆర్మీ మీద ఓవర్‌టైమ్‌లో 28-21తో బయటపడింది. 60 నిమిషాల ఆటలో 44 నిమిషాలకు పైగా బంతి ఆర్మీ దగ్గరే ఉంది. ఓక్లహోమా డిఫెన్స్ అలసిపోయిందన్నది ఒక నష్టమైతే, దేశంలోనే ప్రమాదకరమైన ఓక్లహోమా అఫెన్స్ బెంచీ మీద కూర్చోవడం ఇంకో నష్టం. ఇలాంటి అఫెన్స్ ఏడాదికి ఒక్కసారి ఎదురవుతుంది. దానికోసం వెచ్చించిన వారం మిగతా మ్యాచ్‌లలో పెద్దగా అక్కరకు రాదు.

టెన్నెసీ కథ దీనికి తలకిందులు. కోచ్ జాష్ హైపెల్ జట్టు రిసీవర్లను దాదాపు పక్క గీతల దాకా విడదీసి నిలబెడుతుంది, ఊపిరి తీసుకోనివ్వకుండా ఆటలు నడుపుతుంది. 2021లో జార్జియా మీద మొదటి 12 మ్యాచ్‌లలో ఎవరూ చేయనన్ని పాయింట్లు, అంటే 17, వీళ్లే చేశారు. 2022 అక్టోబర్ 15న ఇదే పద్ధతితో అలబామాను 52-49తో ఓడించారు. జేలిన్ హయట్ ఒక్కడే అయిదు టచ్‌డౌన్లు పట్టాడు. మూడు వారాల తర్వాత ప్లేఆఫ్ ర్యాంకింగ్‌లో మొదటి స్థానంతో జార్జియాలోని ఏథెన్స్‌కి వస్తే 27-13తో ఓడారు, క్వార్టర్‌బ్యాక్ హెండన్ హుకర్ ఆరుసార్లు సాక్ అయ్యాడు. వాళ్ల ఒక్క టచ్‌డౌన్ కూడా చివరి క్వార్టర్‌లో వచ్చిందే. జార్జియా లైన్ కొద్దిమందితోనే ఒత్తిడి తెస్తుంటే వెనక సేఫ్టీలు పై కప్పులా నిలబడగలిగారు. స్టేడియం హోరులో, వర్షంలో టెన్నెసీ వేగం కూడా తగ్గింది. అలబామా దగ్గర ఈ మూడింట్లో ఒక్కటీ లేదు.

అదే జార్జియా డిసెంబర్ 31న పీచ్ బౌల్‌లో ఒహాయో స్టేట్‌కి 41 పాయింట్లు ఇచ్చింది. ఏడాది క్రితం అలబామాకు 41 ఇచ్చిందీ ఇదే అట్లాంటా స్టేడియంలో. ఇది కాకతాళీయమే, కానీ ఆ రెండు మ్యాచ్‌ల లోపలి కథ మాత్రం కాకతాళీయం కాదు. ఒహాయో స్టేట్ క్వార్టర్‌బ్యాక్ సీజే స్ట్రౌడ్ ఒత్తిడి తప్పించుకుని పక్కకు జరిగి 348 గజాలు, నాలుగు టచ్‌డౌన్లు విసిరాడు. మార్విన్ హారిసన్ జూనియర్ ఒంటరి కార్నర్ల మీద రెండు పట్టాడు. లైన్ ఒత్తిడి సకాలంలో అందకపోతే, ఎదుట మొదటి తరగతి రిసీవర్ ఉంటే, జార్జియా లెక్క తప్పుతోంది. మూడో క్వార్టర్‌లో హారిసన్ గాయంతో వెళ్లిపోయాక జార్జియా పుంజుకుంది. ఆఖర్లో ఒహాయో స్టేట్ 50 గజాల కిక్ గురి తప్పడంతో 42-41తో బయటపడింది.

ఈ కోణంలోంచి చూస్తే 2024 ఒహాయో స్టేట్ సీజన్ ఎంతో ఆసక్తిగా ఉంటుంది. అక్టోబర్ 12న యూజీన్‌లో ఆరిగన్ చేతిలో 32-31తో ఓడినప్పుడు వాళ్లకు ఒక్క సాక్ కూడా రాలేదు. ఇవాన్ స్టూవర్ట్ అనే రిసీవర్ 149 గజాలు పట్టి కార్నర్లను పదేపదే దాటేశాడు. ఆ ఓటమి తర్వాత డిఫెన్స్ కోచ్ జిమ్ నోల్స్ పద్ధతి మార్చాడు. సేఫ్టీ కేలబ్ డౌన్స్‌ని లైన్‌కి దగ్గరగా తెచ్చాడు, ఒత్తిడి ఎవరు తెస్తారో ముందే తెలియకుండా చేశాడు. 2025 జనవరి 1న రోజ్ బౌల్‌లో మళ్లీ ఆరిగన్ ఎదురైంది. ఈసారి ఒక దశలో స్కోరు 34-0, చివరికి 41-21. ఎనిమిది సాక్‌లు. కోచ్ మార్పులకు దక్కాల్సిన గౌరవం దక్కాల్సిందే. అయితే గాయం వల్ల స్టూవర్ట్ ఆ మ్యాచ్ ఆడలేదన్నది కూడా పక్కనే రాసుకోవాలి. జార్జియా-అలబామా రెండు మ్యాచ్‌లలోనూ సరిగ్గా ఇదే వరస కనిపించింది. వేగమైన రిసీవర్ ఉన్నప్పుడు సాక్‌లు సున్నా, అతను లేనప్పుడు వరద. క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టడం లైన్‌వాళ్ల పనిగానే చూస్తాం కానీ, వాళ్లకు కావలసిన ఆ అర సెకను ఇచ్చేది వెనక కాచేవాళ్లే.

ప్లేఆఫ్ 2024 నుంచి 12 జట్లకు పెరిగింది కాబట్టి ఒహాయో స్టేట్ ఒకే నెలలో నాలుగు రకాల అఫెన్స్‌లను ఎదుర్కోవాల్సి వచ్చింది. టెన్నెసీ, ఆరిగన్, టెక్సాస్ అయ్యాక జనవరి 20న ఫైనల్లో నోటర్ డామ్. ఆ జట్టు మొదటి డ్రైవ్‌లోనే, అంటే మొదటిసారి బంతి చేతికొచ్చినప్పుడే, క్వార్టర్‌బ్యాక్ రైలీ లెనర్డ్‌ని తొమ్మిదిసార్లు పరిగెత్తించింది. 18 ఆటలు, 75 గజాలు, దాదాపు పది నిమిషాలు, చివర టచ్‌డౌన్. డిఫెన్స్‌కి ఉండే ఆ ఒక్క మనిషి మిగులును క్వార్టర్‌బ్యాక్ పరుగుతో తీసేయడమంటే ఏంటో ఇంతకంటే చక్కగా చూపించలేరు. కానీ ఆ డ్రైవ్‌కి నోటర్ డామ్ చెల్లించిన మూల్యం కూడా తక్కువ కాదు. తొమ్మిది దెబ్బలూ తిన్నది లెనర్డే, అలా ఆట మొత్తం నడవదు. ఒహాయో స్టేట్ బాక్స్‌లోకి మనుషుల్ని దించింది, వాళ్ల తల మీదుగా విసిరి భయపెట్టగల రిసీవర్ నోటర్ డామ్‌కి అప్పటికి కనిపించలేదు. తర్వాత ఒహాయో స్టేట్ వరసగా 31 పాయింట్లు చేసింది. 31-7 నుంచి నోటర్ డామ్ పాస్‌ల మీద ఆధారపడి కొంత కోలుకుని 34-23 దాకా వచ్చింది. ఆ రెండో సగంలో లోతుగా పాస్‌లు పట్టిన జేడెన్ గ్రేట్‌హౌస్‌కి మొదటి సగంలోనే బంతి వెళ్లి ఉంటే డౌన్స్ లైన్‌కి అంత దగ్గరగా నిలబడగలిగేవాడా అన్నది ఆ మ్యాచ్ గురించి అడగదగ్గ అసలు ప్రశ్న.